ఒకే ప్రసంగం, రెండు గొంతులు

ఊరి సభ. ఒకాయన లేచి ఊళ్లో సౌకర్యాల గురించి గోడు చెప్పుకుంటాడు. పంచాయతీ పెద్ద విని జవాబిస్తారు: పని చేద్దాం, కానీ ఊరివాళ్లు కూడా తలా కొంత డబ్బు వేసుకోవాలి, ఒంటికష్టం కలపాలి. అంతే, చిన్న ప్రసంగం. నిజంగా ఒక గ్రామసభలో జరిగిన మాటల్నే కాస్త సవరించి రికార్డు చేశారు. ఒక రికార్డులో పంచాయతీ పెద్ద గొంతు మగవాడిది, ఇంకోదాంట్లో ఆడమనిషిది. మాట మారలేదు, వరుస మారలేదు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో 2006, 2007 సంవత్సరాల్లో ఈ రికార్డు పట్టుకుని ఊరూరా తిరిగారు. ఎవరికి ఏ గొంతు వినిపించాలో లాటరీ పద్ధతిలో తేల్చుకున్నారు. విన్నవాళ్లను అడిగింది మామూలు ప్రశ్నలే: ఈ పెద్ద ఎలా పనిచేస్తారనిపిస్తోంది? ఊరివాళ్ల మంచిచెడ్డలు పట్టించుకునే మనిషేనా?

పనితనం ఎక్కడుందో చూడండి. ‘ఆడవాళ్లు ఊరిని నడపగలరా?’ అని నిలబెట్టి అడిగితే ఎవరైనా జాగ్రత్త పడతారు. ‘ఎందుకు నడపలేరండీ, ఇందిరాగాంధీ దేశాన్నే నడిపింది కదా’ అంటారు. ఆ మాట అబద్ధమని నేననను. కానీ కొలతకు పనికిరాదు, ఎందుకంటే అది అడిగిన మనిషి కోసం చెప్పిన జవాబు. రికార్డు విన్నవాళ్లను ఆడా మగా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. తాము విన్న ప్రసంగం గురించే చెబుతున్నామని వాళ్లు అనుకుంటారు. మగ గొంతు విన్నవాళ్లు వేసిన మార్కుల్ని, ఆడ గొంతు విన్నవాళ్లు వేసిన మార్కుల్ని పక్కపక్కన పెట్టినప్పుడు తేడా కనిపిస్తే, దానికి గొంతు తప్ప ఇంకో కారణం మిగలదు.

ఈ పరిశోధన 2009 నవంబరులో ‘క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్’లో అచ్చయింది. పేరు ‘పవర్‌ఫుల్ విమెన్: డజ్ ఎక్స్‌పోజర్ రెడ్యూస్ బయాస్?’ రాసినవాళ్లు ఐదుగురు: లోరీ బీమన్, రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తర్ డఫ్లో, రోహిణీ పాండే, పెటియా టోపలోవా. డఫ్లోకి 2019లో అభిజిత్ బెనర్జీ, మైఖేల్ క్రెమర్‌లతో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది కాబట్టి ఆ పేరు మనలో చాలామందికి తెలుసు. చటోపాధ్యాయ అప్పట్లో కలకత్తా ఐఐఎం ఆచార్యులు. బీర్భూమ్ అనగానే మనకు శాంతినికేతన్, బోల్‌పూర్, ఎర్రమట్టి, బాఉల్ గాయకులు గుర్తొస్తారు. ఈ పరిశోధన కూడా ఆ జిల్లా పేరుతో పాటు గుర్తుండాలని నా కోరిక. చట్టం మనిషి చేత ఒక పని చేయించగలదు సరే, మనిషి చూపును మార్చగలదా అన్న ప్రశ్నకు ఇంత ఓపికగా, ఇంత నిజాయితీగా జవాబు వెతికిన రచన నేను ఇంకోటి చదవలేదు.

ఇంతకీ ఆ చట్టం మనకు బాగా తెలిసినదే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీ సీట్లలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లకు కేటాయించాలనీ, అధ్యక్ష పదవుల్లో కూడా మూడో వంతు వాళ్లకే ఇవ్వాలనీ అది చెప్పింది. మన సర్పంచ్‌ను బెంగాల్‌లో ప్రధాన్ అంటారు. ప్రధాన్ పదవుల్లో మహిళా రిజర్వేషన్ అక్కడ 1998 ఎన్నికలతో మొదలైంది. ఏ పంచాయతీకి రిజర్వేషన్ రావాలన్నది అక్కడ ఏ నాయకుడి చేతిలోనూ లేదు. పంచాయతీలన్నిటికీ ప్రభుత్వ రికార్డుల్లో వరుస నంబర్లున్నాయి. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు తేల్చాక ఆయా జాబితాల్లో ఆ నంబర్ల వరుసలోనే వెళుతూ ప్రతి మూడో పంచాయతీని ఆడవాళ్లకు ఇవ్వాలన్నది అప్పటి నియమం. తర్వాతి ఎన్నికకు ఈ లెక్క మళ్లీ వేసేవారు. నంబరుకు ఊరి గుణగణాలతో సంబంధం లేదు. చదువుకున్న ఊరా, కాదా, కులం ఏది ఎక్కువ, ఆడవాళ్లు బయటికొచ్చి మాట్లాడతారా, ఇవేవీ ఆ నంబరుకు తెలియవు.

ఇదెందుకు ముఖ్యమంటే, మామూలుగా ఒక ఊళ్లో ఆడమనిషి తనంతట తాను గెలిచిందంటే ఆ ఊరు ముందే కాస్త మారిన ఊరై ఉంటుంది. అలాంటి ఊళ్లో మగవాళ్ల అభిప్రాయం మెరుగ్గా ఉంటే, సర్పంచమ్మను చూసి మారారా, మారారు కాబట్టే ఆమెను గెలిపించారా? ఈ చిక్కుముడి విప్పలేక ఎన్నో మంచి సర్వేలు సగంలో ఆగిపోయాయి. బీర్భూమ్‌లో ఆ చిక్కు లేదు. వరుస నంబరే ఊళ్లను విడదీసింది. 1998, 2003 ఎన్నికలు రెండూ కలిపి చూస్తే కొన్ని పంచాయతీలకు రెండుసార్లూ మహిళా రిజర్వేషన్ వచ్చింది, కొన్నిటికి ఒక్కసారే వచ్చింది, కొన్నిటికి అసలు రాలేదు. పరిశోధకులు 495 గ్రామాలు తీసుకుని ఈ మూడు రకాలనూ పోల్చారు. ఊళ్లో ఆడమనిషి పదేళ్లు పెద్దరికం చేస్తే ఏమవుతుంది, ఐదేళ్లే చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది అని మూడు గదుల్లో పెట్టి చూసే అవకాశం చట్టమే ఇచ్చింది. న్యాయం కోసం రాసిన నియమం జ్ఞానానికి కూడా అక్కరకొచ్చింది. దాన్ని గుర్తుపట్టడమే వీళ్ల మొదటి గొప్పతనం.

వీళ్లు ఈ నేల మీద తవ్వడం అదే మొదలు కాదు. 2004లో చటోపాధ్యాయ, డఫ్లో ఇద్దరూ ‘ఎకనామెట్రికా’ పత్రికలో బెంగాల్, రాజస్థాన్‌లకు చెందిన 265 పంచాయతీల మీద ఒక వ్యాసం రాశారు. పంచాయతీకి ఆడవాళ్లు తెచ్చే ఫిర్యాదులేమిటి, మగవాళ్లు తెచ్చేవేమిటి అని ముందు చూశారు. తర్వాత పంచాయతీ డబ్బు ఎక్కడ ఖర్చయిందో చూశారు. ఆడవాళ్లకు రిజర్వైన పంచాయతీల్లో ఆడవాళ్లు అడిగిన వాటి మీదే ఎక్కువ ఖర్చయింది. రెండు చోట్లా తాగునీరు మెరుగైంది. రోడ్ల దగ్గర రెండు రాష్ట్రాలు విడిపోయాయి. బెంగాల్‌లో రోడ్డు పనుల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లకు రోడ్లు కావాలి, అక్కడ రోడ్లు పెరిగాయి. రాజస్థాన్‌లో రోడ్లు మగవాళ్ల కోరిక, అక్కడ తగ్గాయి. భర్తో మామో వెనకుండి నడిపిస్తాడు, ఆమె సంతకానికే అన్న మాట మనం కూడా వింటుంటాం. అలాంటివి లేవని కాదు. కానీ అదే పూర్తి నిజమైతే ఖర్చు పద్దు ఇలా మారకూడదు. పద్దు మారింది.

దాని వెంటే ఇంకో చేదు నిజం బయటపడింది. డఫ్లో, టోపలోవా కలిసి రాసిన మరో పత్రం పేరు ‘అన్‌అప్రీషియేటెడ్ సర్వీస్’. మహిళా రిజర్వేషన్ ఉన్న ఊళ్లలో తాగునీటి వసతులు ఎక్కువ, నాణ్యతలో తక్కువేమీ కాదు, జనం ఇచ్చుకునే లంచాలు కూడా తక్కువ. అయినా ఊరివాళ్ల తృప్తి మాత్రం తక్కువ. నీళ్లు బాగున్న ఊళ్లోనే నీళ్లు బాగోలేవన్నారు. మగవాళ్లే కాదు, ఆడవాళ్లూ అన్నారు. కొత్త కోడలి వంటలో ఉప్పు వెతికినట్టు ఊరు ఆమె పనిలో లోపం వెతికింది. 2009 నాటి వ్యాసం ఈ గాయం నుంచే పుట్టింది: మంచి పని కళ్లముందు ఉన్నా మనిషికి ఎందుకు కనబడదు? ఎన్నాళ్లకు కనబడుతుంది?

ఆ ప్రశ్నను వాళ్లు రెండుగా చీల్చారు. నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ఆడవాళ్ల నాయకత్వం మీద వ్యతిరేకత అని మనం ఒక్క మాటలో తేల్చేసే దాంట్లో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి ఇష్టం: ఊరి పెద్దగా మగవాడుంటేనే నాకు బాగుంటుంది. రెండోది అంచనా: ఆడమనిషికి ఈ పని చేతకాదు. మొదటిది మనసుకు సంబంధించినది, దానికి కారణం అక్కర్లేదు. రెండోది లోకం గురించిన నమ్మకం. ఎదురుగా నిజం కనబడితే మారే వీలున్నది. ఒక మనిషిలో ఈ రెండూ కలిసే ఉంటాయి, నోటి నుంచి ఒకే వాక్యంగా వస్తాయి. వీటిని విడదీయకుండా మార్పు వచ్చిందా రాలేదా అని అడిగితే వచ్చే జవాబు గజిబిజిగానే ఉంటుంది.

అంచనాను కొలవడానికి ప్రసంగం రికార్డు ఉంది. దానితో పాటు చిన్న కథల్లాంటివి కూడా తయారుచేసుకున్నారు. ఒక ప్రధాన్ ఫలానా పరిస్థితిలో ఫలానా నిర్ణయం తీసుకున్నారు అని చెప్పి అభిప్రాయం అడుగుతారు. కొందరికి ఆ ప్రధాన్ మగవాడని చెబుతారు, కొందరికి ఆడమనిషని. ఇష్టాన్ని కొలవడానికి నేరుగా కొన్ని ప్రశ్నలు వేశారు. ఆ పైన, నోటితో చెప్పనిది కూడా తెలుసుకోవడానికి లాప్‌టాప్ మీద ఒక ఆట ఆడించారు.

ఆ ఆట గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1998లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, ఆయన తోటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి అది. తెర మీద ఒక్కొక్కటిగా బొమ్మలు వస్తాయి, మాటలు వినిపిస్తాయి. చేతిలో రెండే మీటలు, ఎడమది, కుడిది. ఒక విడతలో మగవాళ్ల పేర్లు వచ్చినా, నాయకత్వపు పనులు వచ్చినా ఎడమ మీట నొక్కాలి. ఆడవాళ్ల పేర్లకూ ఇంటిపనులకూ కుడి మీట. ఇంకో విడతలో జతలు తారుమారు చేస్తారు: ఆడవాళ్ల పేర్లు, నాయకత్వం ఒక మీటకి, మగవాళ్ల పేర్లు, ఇంటిపనులు ఇంకో మీటకి. మొదటి విడతలో చకచకా నొక్కినవాళ్లు రెండో విడతలో తడబడితే, చెయ్యి ఒక్క క్షణం ఆగితే, ఆ ఆలస్యమే కొలత. ఆలోచించుకుని మర్యాదగా జవాబు చెప్పే తీరిక ఇక్కడ దొరకదు. ఇది అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకున్న పిల్లల మీద పెరిగిన పరీక్ష. అక్షరం ముక్క రాని మనిషి కూడా ఆడేలా బొమ్మలతో, వినిపించే మాటలతో దీన్ని బీర్భూమ్ పల్లెకు తగ్గట్టు మలిచారు. ఇష్టానికి ఒక ఆట, పాతుకుపోయిన ముద్రకు వేరే ఆట. ఇక్కడా ఆ రెంటినీ కలిసిపోనివ్వలేదు.

ఇంత శ్రమ పడ్డాక తేలిందేమిటి?

ఆడమనిషి ప్రధాన్‌గా ఎప్పుడూ లేని ఊళ్లలో, అదే ప్రసంగం ఆడ గొంతులో వినబడితే మార్కులు తగ్గాయి. మాట మాటా ఒకటే అయినా తగ్గాయి. రిజర్వేషన్ చూసిన ఊళ్లలో మాత్రం మగవాళ్లు వేసిన మార్కుల్లో ఆ తేడా మాయమైంది. లాప్‌టాప్ ఆటలో కూడా ఆడవాళ్లంటే ఇల్లు, మగవాళ్లంటే ఊరు అన్న ముద్ర పలచబడింది. ఇది అంచనా సంగతి. ఇక ఇష్టం? అది ఉన్నచోటే ఉంది. పెద్దగా మగవాడే ఉండాలన్న కోరిక రిజర్వేషన్ చూసిన ఊళ్లలో కూడా తగ్గలేదు. నోటితో అడిగినా తగ్గలేదు, మీట నొక్కించినా తగ్గలేదు.

ఈ ఫలితాన్ని దాచకుండా, పక్కకు నెట్టకుండా, మొదటి పేజీ సారాంశంలోనే రాశారు. మహిళా రిజర్వేషన్ మంచిదని నమ్మేవాళ్లకు ఇది చదవడానికి కష్టంగా ఉంటుంది. నాకూ కష్టంగానే ఉంది. కానీ జాగ్రత్తగా చూస్తే ఇందులోనే పెద్ద ఆశ ఉంది. మనిషి ఇష్టాలు మారేదాకా ఆగనక్కర్లేదు. ఆడవాళ్లు పెద్దరికం చేయడం నాకు నచ్చదు అంటూనే, ఈవిడ పని బాగా చేస్తోంది అని ఒప్పుకునే మగవాడు ఆ ఊళ్లలో తయారయ్యాడు. ఓటు వేసేటప్పుడు, నీళ్ల ట్యాంకు కోసం అర్జీ పట్టుకెళ్లేటప్పుడు, గ్రామసభలో ఆమె మాట్లాడుతుంటే వినేటప్పుడు ఆ ఒప్పుకోలు చాలు. తరతరాల ఇష్టాన్ని చట్టం ఐదేళ్లలో కడిగేయలేదు. అంచనాను మాత్రం సరిదిద్దగలదు. సమాజం నడవడానికి ముందు కావాల్సింది అదే.

ఇంకో మెలిక ఉంది. కల్పిత ప్రధాన్‌ను వదిలి తమ ఊరి అసలు ప్రధాన్ ఎలా పనిచేస్తున్నారని కూడా అడిగారు. మొదటిసారి వచ్చిన మహిళా ప్రధాన్‌కు మగ ప్రధాన్ కంటే తక్కువ మార్కులే పడ్డాయి. రెండోసారి రిజర్వైన ఊళ్లో ఆ తేడా లేదు. అంటే మొదటి ఐదేళ్లు పదవిలో ఉన్న ఆమెకు న్యాయం జరగలేదు. ఆమె చేసిన పనికి ఫలం తర్వాత వచ్చిన ఆమెకు దక్కింది. మొదటి విడతలో గెలిచి, మాటలు పడి, దిగిపోయి, మళ్లీ ఎవరూ పట్టించుకోని ఆ ఆడవాళ్లకు ఈ దేశం ఎంతో బాకీ పడింది. లెక్కల పట్టికల మధ్య ఈ సంగతి చదువుతున్నప్పుడు నాకు కోపం, గౌరవం రెండూ కలిగాయి.

నమ్మకం మారిందన్నారు సరే, ఓటు మారిందా? దానికి 2008 పంచాయతీ ఎన్నికలు చూశారు. అంతకుముందు వరుసగా రెండుసార్లు ప్రధాన్ పదవి ఆడవాళ్లకు రిజర్వైన పంచాయతీల్లో, రిజర్వేషన్ లేని జనరల్ సీట్లకు ఆడవాళ్లు పోటీ చేయడం, గెలవడం ఎక్కువైంది. ఎప్పుడూ రిజర్వ్ కాని పంచాయతీలతో పోలిస్తే దాదాపు రెట్టింపు. చట్టం చెయ్యి తీసేసిన చోట కూడా నిలబడి గెలిచారు. కొలతలో కనబడిన మార్పు ప్రసంగం విన్న పది నిమిషాలకే పరిమితం కాలేదని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ముంబయి నగరంలో కూడా ఇలాంటిదే కనబడింది. అక్కడి కార్పొరేషన్ వార్డుల మీద రిఖిల్ భవ్నానీ చేసిన అధ్యయనం అదే 2009లో ‘అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ’లో వచ్చింది. 1997లో ఆడవాళ్లకు రిజర్వై 2002లో జనరల్ అయిన వార్డుల్లో, అంతకుముందు రిజర్వేషన్ లేని వార్డులతో పోలిస్తే ఆడమనిషి గెలిచే అవకాశం సుమారు ఐదు రెట్లు. పల్లె, పట్నం, రెండు చోట్లా పోకడ ఒకటే.

ఈ మార్పంతా ముఖ్యంగా మగవాళ్లలో కనబడింది. ఆడవాళ్ల జవాబుల్లో అంత తేడా లేదు. మొదటి కారణం, వాళ్లలో ఆ చిన్నచూపు మొదటినుంచీ తక్కువ. రెండో కారణం బాధ కలిగిస్తుంది: ఊరి రాజకీయాలు వాళ్లకు తక్కువ తెలుసు. సభలకు తక్కువ వెళతారు, కాబట్టి సర్పంచ్ స్థానంలో ఒక ఆడమనిషి కూర్చుని ఏం చేస్తోందో వాళ్ల దాకా తక్కువ చేరుతుంది. పదవి ఒక్కటే మారితే చాలదు, గ్రామసభకు ఆడవాళ్లు వచ్చి కూర్చోవాలి అన్న సంగతి ఈ పట్టికలోనుంచే వస్తుంది.

మరి పిల్లలు? ఇదే 495 గ్రామాల్లో 11 నుంచి 15 ఏళ్ల మధ్య వయసున్న పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను అడిగి, మొత్తం 8,453 సర్వేల ఆధారంగా రాసిన రెండో వ్యాసం 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. బీమన్, డఫ్లో, పాండే, టోపలోవా రాశారు. మొదటి వ్యాసం మెదడుకు పని చెబితే ఇది గుండెకు తగులుతుంది. అడిగినవి ఎంత సాదా ప్రశ్నలో: ఎంతవరకు చదవాలనుంది? ఎన్నో ఏట పెళ్లి కావాలి? పాతికేళ్లకు ఏం పనిలో ఉండాలి? ప్రధాన్ కావాలనుందా? తల్లిదండ్రులను వాళ్ల కొడుకు గురించి, కూతురి గురించి ఇవే అడిగారు. జవాబులకు పెట్టుకున్న వర్గాల్లో ఒకటి చూసి కొంతసేపు ఆగిపోయాను: కూతురు పెద్దయ్యాక ఏం చేయాలి అంటే, ‘అత్తవారు ఏమంటే అది’. సర్వే రాసినవాళ్లు బల్ల దగ్గర కూర్చుని ఊహించి పెట్టే మాట కాదిది. ఊళ్లలో కూర్చుని, మాటలు విని ఉంటే తప్ప ఆ గడి ఫారంలోకి రాదు. మన ఇళ్లలో ఎన్నిసార్లు వినలేదు? ‘డిగ్రీ అయ్యాక ఏం చేస్తావమ్మా’ అంటే ఆ పిల్ల నోరు తెరిచేలోపే ‘వాళ్ల అత్తగారింట్లో ఎలా అంటే అలా’ అని పక్కనుంచి జవాబు వస్తుంది. ఆ జవాబును కూడా లెక్కలోకి తెచ్చిన పనితనం ఇది.

కొడుకు మీద ఆశకూ కూతురి మీద ఆశకూ మధ్య ఉన్న దూరం, రెండు విడతలు మహిళా ప్రధాన్ ఉన్న ఊళ్లలో తల్లిదండ్రుల్లో 20 శాతం తగ్గింది. పిల్లల్లో 32 శాతం తగ్గింది. చదువులో అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఉన్న తేడా పూర్తిగా చెరిగిపోయింది. అమ్మాయిలు ఇంటిపనిలో గడిపే సమయం తగ్గింది. పెద్దల్లో 20, పిల్లల్లో 32 అన్న ఈ తేడాను నేను మళ్లీ మళ్లీ చూశాను. పిల్లలు పెద్దల కంటే ముందు నడుస్తున్నారు.

ఇక్కడ కూడా వాళ్లు తొందరపడి జబ్బలు చరుచుకోలేదు. ఊళ్లో ఆడపిల్లలకు కొత్త పనులు, ఉద్యోగాలు వచ్చాయేమో, అందువల్ల ఆశలు పెరిగాయేమో అని వెతికారు. అలాంటి సాక్ష్యం దొరకలేదు. వయసొచ్చిన ఆడపిల్లలకు పని దొరికే తీరు మారలేదు. అయితే ఆశ ఎక్కడినుంచి వచ్చింది? పంచాయతీ కుర్చీలో కూర్చున్న ఆడమనిషిని పదేళ్లు చూడడం నుంచి వచ్చిందన్నదే మిగిలిన జవాబు. సాటి ఊరి మనిషి. ఆమె ఇల్లు తెలుసు, ఆమె పిల్లలు తెలుసు. అలాంటి ఆమె దగ్గరకు మగవాళ్లు అర్జీలు పట్టుకుని వస్తుంటే చూసిన పదకొండేళ్ల పిల్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇది ఒక్క జిల్లా కథ. అది కూడా 1977 నుంచి 2011 దాకా ఏకబిగిన వామపక్షం పాలించిన రాష్ట్రంలో. అక్కడ ప్రధాన్‌ను గెలిచిన సభ్యులు ఎన్నుకుంటారు, మన సర్పంచ్‌లా జనం నేరుగా ఓటు వేయరు. మీటల ఆట నిజంగా ఏం కొలుస్తుందన్న దాని మీద మనస్తత్వ శాస్త్రవేత్తల్లోనే వాదాలు నడుస్తున్నాయి. ఆ ఆట ఒక్కదాని మీదే ఈ వ్యాసం నిలబడి ఉంటే నేను ఇంత ధైర్యంగా మెచ్చుకునేవాణ్ని కాదు. ప్రసంగం, కథలు, ఆట, అసలు ప్రధాన్ మీద అభిప్రాయం, చివరికి ఓట్ల లెక్క, ఐదు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరారు. అందుకే నమ్ముతున్నాను.

మన నేల మీద కూడా ఈ మాటకు బలం చేకూర్చే పని ఒకటి జరిగింది. ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఇవర్సన్, ఎం.ఆర్. శరణ్ ముగ్గురూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పథకాన్ని, దాని మీద జరిగిన సామాజిక తనిఖీ నివేదికలను ముందు పెట్టుకుని చూశారు. మహిళలకు రిజర్వైన పంచాయతీల్లో మొదట్లో లోటుపాట్లు, నిధుల దారిమళ్లింపు ఎక్కువే. రాజకీయ, పాలన అనుభవం లేకపోవడంతో అధికారుల చేతుల్లో చిక్కుకోవడం అందుకు కారణమన్నారు. అనుభవం పెరిగేకొద్దీ పరిస్థితి మెరుగైంది. మహిళా సర్పంచ్‌లను ఎద్దేవా చేసేవాళ్లు మొదటి సగమే పట్టుకుంటారు. రెండో సగం కూడా అదే వ్యాసంలో ఉంది.

బీర్భూమ్ చెప్పేదీ, మన జిల్లాలు చెప్పేదీ ఒకటే: కాలం కావాలి. ఒక్క విడత చాలదు. మొదటి ఐదేళ్లలో ఆమె పని నేర్చుకుంటుంది, ఊరు ఆమెను చూడడం నేర్చుకుంటుంది. సరిగ్గా పంట చేతికొచ్చే వేళకు వంతు మారిపోయి రిజర్వేషన్ పక్క ఊరికి పోతే, ఇక్కడ మళ్లీ పాత లెక్కే. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టాన్ని 2018లో రాసినప్పుడు, ఒక ఊరికి పడిన రిజర్వేషన్ వరుసగా రెండు పర్యాయాలు అలాగే ఉండాలన్నారు. అలాంటి నియమాన్ని ఉంచినా, మార్చినా, ఈ ఫలితాలు బల్ల మీద పెట్టుకుని చేయాలి. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇవ్వాలన్న 106వ రాజ్యాంగ సవరణను 2023లో పార్లమెంటు ఆమోదించింది. రిజర్వైన సీట్ల వంతు ప్రతి నియోజకవర్గ పునర్విభజన తర్వాత మారుతుందని అందులో ఉంది. అంటే ఒక నియోజకవర్గం వరుసగా కొన్ని ఎన్నికల పాటు రిజర్వై ఉండే వీలుంది. ఆ ఏర్పాటును సమర్థించడానికి బీర్భూమ్ లెక్కల కంటే మంచి ఆధారం నాకు తెలియదు.

మన రెండు రాష్ట్రాల్లో పంచాయతీ పదవుల్లో ఆడవాళ్ల వాటా సగం, బెంగాల్‌లో ఆనాడున్న మూడో వంతు కంటే ఎక్కువ. 73వ సవరణ తర్వాత ఇక్కడ మొదటి పంచాయతీ ఎన్నికలు 1995లో జరిగాయి. అంటే బీర్భూమ్ ఊళ్ల కంటే ముందే మన ఊళ్లు ఈ దారి పట్టాయి. అయినా తెలుగు పల్లెల్లో ఆడపిల్లల ఆశల మీద, మగవాళ్ల అంచనాల మీద ఈ స్థాయి పరిశీలన నాకు కనబడలేదు. ఏ ఎన్నికలో ఏ ఊరికి మహిళా రిజర్వేషన్ పడిందో జిల్లా గెజిట్లలో అచ్చయి ఉంటుంది, అది రహస్యమేమీ కాదు. మన విశ్వవిద్యాలయాల ఆర్థికశాస్త్ర, సమాజశాస్త్ర శాఖల్లో పీహెచ్‌డీకి అంశం వెతుక్కుంటున్న విద్యార్థులు ముందు ఈ రెండు బీర్భూమ్ వ్యాసాలూ చదవండి. తర్వాత మీ జిల్లా పంచాయతీ అధికారి కార్యాలయానికి వెళ్లి ఆ జాబితాలు అడిగి తెచ్చుకోండి.